పసిపాప గదిలో హ్యూమిడిఫయర్: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలా భాగం ఒకే యంత్రం గురించి, గదిలో తేమ పెంచే హ్యూమిడిఫయర్ గురించి ఉన్నాయి. అందులో ఏ నీరు పోయాలి, ఎంతసేపు నడపాలి, ఎక్కడ పెట్టాలి అన్న సందేహాలే మాటలు మార్చి పదే పదే కనిపించాయి. అందువల్ల మిగిలిన విషయాలను వచ్చే సంచికకు వదిలి, నాలుగు ఉత్తరాలకు కాస్త వివరంగా జవాబు ఇస్తున్నాను.

ప్రశ్న: మా పాపకు నాలుగో నెల. చలికాలం కనుక గదిలో హీటరు వాడుతున్నాము. గాలి పొడిబారి పాపకు ముక్కు దిబ్బడ వేస్తోందని అనిపించి హ్యూమిడిఫయర్ తెచ్చాము. పడుకోబోయే ముందు నిండా నీరు పోసి, తెల్లవారే వరకూ నడుపుతున్నాము. వారం తిరక్కుండానే కిటికీ అద్దాల మీద నీరు ధారలుగా కారడం మొదలైంది. గదిలో అసలు ఎంత తేమ ఉండాలి?

జవాబు: మీ ప్రశ్నకు సగం జవాబు కిటికీ అద్దమే చెప్పేసింది. గాలి మోయలేనంత ఆవిరి గదిలో చేరి, అన్నిటికన్నా చల్లగా ఉన్న చోట తిరిగి నీరై దిగుతోంది. అద్దం మీది నీటిని గుడ్డతో తుడిచేయవచ్చు. కానీ బయటి గోడకు ఆనించిన బీరువా వెనుక, పరుపు అడుగున, కర్టెన్ల మడతలలో ఇదే పని కంటికి కనబడకుండా సాగుతుంది. కొన్నాళ్లకు అక్కడ బూజు పడుతుంది, ఆ బూజు రేణువులు పాప పీల్చే గాలిలోకే వస్తాయి. పొడిగాలి నుంచి కాపాడాలని తెచ్చిన యంత్రమే కొత్త ఇబ్బందికి దారి తీస్తుంది.

ఒక ఉష్ణోగ్రత వద్ద గాలి గరిష్ఠంగా మోయగల ఆవిరిలో ప్రస్తుతం ఎంత వంతు ఉన్నదో చెప్పేదే సాపేక్ష ఆర్ద్రత. ఇళ్లలో ఇది 30 నుంచి 50 శాతం మధ్య ఉండడం మేలని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ సూచిస్తుంది. 50 దాటిన కొద్దీ పరుపులలో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్లు అనే అతి చిన్న జీవులకు అనుకూలంగా ఉంటుంది. 60 దాటితే బూజుకు పండుగే. సున్నా డిగ్రీల వద్ద ఒక ఘనపు మీటరు గాలి సుమారు 5 గ్రాముల ఆవిరిని మాత్రమే మోయగలదు, 22 డిగ్రీల వద్ద 19 గ్రాములకు పైగా మోయగలదు. అందుకే బయట మంచు కురుస్తున్నా, అదే గాలి గదిలోకి వచ్చి హీటరుతో వేడెక్కేసరికి ఆర్ద్రత 25 శాతానికి పడిపోతుంది. ఏసీ గదులలో కారణం వేరు: గాలిలోని ఆవిరిని ఏసీ నీరుగా మార్చి గొట్టం ద్వారా బయటికి పంపేస్తుంది. గాలి పొడిబారుతుందన్న మీ అనుమానంలో తప్పు లేదు. ఎంత పొడిబారిందో కొలవకపోవడమే పొరపాటు.

చిన్న లెక్క చూడండి. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, 2.7 మీటర్ల ఎత్తు ఉన్న గదిలో 32 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. 22 డిగ్రీల వద్ద ఆ గాలి ఆర్ద్రతను 30 నుంచి 45 శాతానికి పెంచడానికి కావలసిన నీరు 100 గ్రాములు కూడా కాదు, అంటే అర గ్లాసు. తలుపు సందుల గుండా, కిటికీ అంచుల గుండా గాలి మారుతూ ఉంటుంది కనుక ఆ తేమను నిలబెట్టడానికి గంటకు మరి కొంత కావాలి. రెండు గంటలకొకసారి గదిలోని గాలి పూర్తిగా మారుతుందనుకుంటే, గంటకు 50 గ్రాములలోపు సరిపోతుంది. చాలా యంత్రాలు పూర్తి వేగంలో గంటకు 200 నుంచి 300 మిల్లీలీటర్లు వెదజల్లుతాయి. ఎనిమిది గంటల పాటు అలా నడిస్తే మూసి ఉన్న గది ఏమవుతుందో మీ అద్దమే చూపించింది.

కాబట్టి ముందుగా గాలిలో తేమను కొలిచే హైగ్రోమీటర్ ఒకటి తెచ్చుకోండి. అరచేతిలో పట్టే ఈ పరికరాన్ని పాప పడుకునే ఎత్తులో, యంత్రం నుంచి వచ్చే తుంపరలు తగలని చోట ఉంచాలి. యంత్రంలోనే తేమ కొలిచే ఏర్పాటు ఉందని చాలామంది దానినే నమ్ముతారు. అది తుంపర బయటికి వచ్చే చోటికి పక్కనే ఉంటుంది కనుక గది సంగతి కన్నా తన సంగతే ఎక్కువ చెబుతుంది. కొన్న హైగ్రోమీటర్ సరిగ్గా చూపుతోందో లేదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. ఒక చిన్న మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకు మాత్రమే నీటి చుక్కలు వేయండి; ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు. ఆ మూతను, హైగ్రోమీటర్‌ను పక్కపక్కనే ఒక జిప్ సంచిలో పెట్టి, గాలి చొరకుండా మూసి, ఎనిమిది నుంచి పన్నెండు గంటలు కదపకుండా వదిలేయండి. ఉప్పు తడి ఉన్న మూసిన గాలిలో ఆర్ద్రత 75 శాతం వద్ద నిలుస్తుంది. మీ పరికరం 70 చూపితే, అది ఐదు తక్కువ చూపుతోందని గుర్తుంచుకుని వాడుకుంటే చాలు.

అంకె 30 కన్నా తక్కువ ఉన్నప్పుడు యంత్రాన్ని తక్కువ వేగంలో పెట్టి, 40, 45 దగ్గరికి రాగానే ఆపండి. అంకె ముందే 40 మీద ఉంటే యంత్రంతో పని లేదు. ఇక పాప ముక్కు సంగతి. నెలల పిల్లల ముక్కు రంధ్రాలు చాలా సన్నగా ఉంటాయి, వారు ప్రధానంగా ముక్కుతోనే ఊపిరి తీస్తారు. అందువల్ల కొద్దిపాటి చీమిడి అడ్డుపడినా గుర్రుమని చప్పుడు వస్తుంది. పాలు బాగా తాగుతూ, హాయిగా నిద్రపోతున్న పాపలో ఆ చప్పుడు ఒక్కటే జబ్బుకు గుర్తు కాదు. పాలు పట్టే ముందు, వైద్యుడు సూచించిన సెలైన్ చుక్కలు ఒక్కొక్క ముక్కులో ఒకటి రెండు వేస్తే, రాత్రంతా నడిచే యంత్రం కన్నా తొందరగా దారి తెరుచుకుంటుంది.

ప్రశ్న: మేము వాడుతున్నది అల్ట్రాసోనిక్ రకం. కుళాయి నీరు పోస్తే, ముదురు రంగు అలమారా మీద ప్రతి ఉదయం తెల్లని పొడి పేరుకుంటోంది. మా అత్తగారు కాచి చల్లార్చిన నీరు పోయమంటున్నారు. మా వారు మామూలు ఫిల్టరు నీరు చాలంటున్నారు. ఎవరి మాట సరైనది?

జవాబు: ఇద్దరి మాటలోనూ కొంత నిజం ఉంది, ఇద్దరి మాటా మీ అలమారా మీది పొడిని ఆపలేదు.

అల్ట్రాసోనిక్ యంత్రంలో నీరు ఆవిరి కాదు. ఈ ఒక్క సంగతి అర్థమైతే మిగిలినదంతా దానంతట అదే తెలుస్తుంది. యంత్రం అడుగున రూపాయి బిళ్లంత పలుచని పలక సాధారణంగా సెకనుకు 17 లక్షల సార్ల వరకు కంపిస్తూ నీటిని కొన్ని మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) తుంపరలుగా చిదిమేస్తుంది. పొయ్యి మీద మరిగే నీటి నుంచి లేచే ఆవిరిలో నీరు మాత్రమే ఉంటుంది, ఉప్పూ సున్నమూ గిన్నె అడుగునే మిగిలిపోతాయి. తుంపరలో అలా కాదు, నీటిలో ఏముంటే అదంతా చుక్కతోపాటే గాలిలోకి ఎగురుతుంది. చుక్కలోని నీరు గాలిలో ఆరిపోగానే, అందులో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం వంటి లవణాలు అతి సన్నని పొడిగా మిగులుతాయి. మీరు అలమారా మీద చూస్తున్నది అదే.

లీటరులో 300 మిల్లీగ్రాముల లవణాలు ఉన్న నీరు తాగడానికి ఏ ఇబ్బందీ లేనిది. అదే నీరు ఒక రాత్రిలో రెండు లీటర్లు తుంపరగా మారితే, మూసి ఉన్న గది గాలిలోకి 600 మిల్లీగ్రాముల పొడిని చేతితో చల్లినట్టే. అందులో కొంత అలమారా మీద వాలుతుంది, కొంత పాప ఊపిరితిత్తులలోకి వెళుతుంది. కడుపు అరిగించుకోగలిగినదంతా ఊపిరితిత్తి భరించలేదు. ఈ తెల్లని పొడిని పీల్చడంతో ముడిపడిన ఊపిరితిత్తుల దెబ్బను ఒక పసిబిడ్డలో గుర్తించిన వైద్యులు ఆ వివరాలను 2011లో అమెరికాలోని పిల్లల వైద్య పత్రికలో ప్రచురించారు. ఇది అరుదైన సంగతే, భయపడి నిద్ర మానుకోవలసిన పని లేదు; కానీ పొడి కనబడుతూ ఉంటే చూసీ చూడనట్టు ఊరుకోకూడదు.

ఇప్పుడు మీ ఇంటి తగవు. నీటిని కాచితే క్రిములు చస్తాయి. మీ అత్తగారు అంతవరకు నూటికి నూరుపాళ్లు నిజమే చెప్పారు. కాచినప్పుడు కొంత సున్నం గిన్నె అంచున తెల్లని పొరగా పట్టిన మాటా నిజమే, కానీ మిగిలిన లవణాలు నీటిలోనే ఉంటాయి. నీరు కొంత ఇగిరిపోతుంది కనుక అవి కాస్త చిక్కబడతాయి కూడా. మీ వారు చెప్పిన మామూలు ఫిల్టరు మట్టిని, క్లోరిన్ వాసనను తీసేస్తుంది, కరిగిన లవణాల జోలికి పెద్దగా పోదు. ఆర్‌వో యంత్రం లవణాలను చాలా వరకు తగ్గిస్తుంది, అయితే తాగడానికి రుచి కోసం వాటిలో కొన్ని యంత్రాలు మళ్లీ లవణాలు కలుపుతాయి. పసిబిడ్డ గదిలో అల్ట్రాసోనిక్ యంత్రం నడపాలంటే నా మాట ఒక్కటే: డిస్టిల్డ్ వాటర్, అంటే ఆవిరిగా మార్చి తిరిగి చల్లార్చి పట్టిన, లవణాలు లేని నీరు పోయండి. రోజూ అది దొరకడం కష్టమైతే, నీటిని మార్చడం కన్నా యంత్రాన్ని మార్చడం తేలిక. తడిపిన వత్తి మీదుగా ఫ్యాను గాలి పంపే ఎవాపరేటివ్ రకంలో నీరు నిజంగానే ఆవిరవుతుంది, లవణాలు వత్తికే అంటుకుంటాయి. గదిలో తేమ పెరిగిన కొద్దీ అది ఆవిరి చేయడాన్ని తానే తగ్గించుకుంటుంది. గట్టిపడిన వత్తిని ఎప్పటికప్పుడు మార్చడం ఒక్కటే దానితో వచ్చే పని.

డిస్టిల్డ్ వాటర్ వాడినంత మాత్రాన క్రిముల బెడద తీరిపోయిందని మాత్రం అనుకోవద్దు. అందులో క్లోరిన్ ఉండదు కనుక ట్యాంకులో నిలవ ఉంటే అది కూడా పాడవుతుంది. 2008 చివరిలో సైప్రస్‌లోని ఒక ఆసుపత్రి నవజాత శిశువుల గదిలో కుళాయి నీటితో నడిపిన చల్లని తుంపరల యంత్రం నుంచి లీజియోనెల్లా అనే బాక్టీరియా సోకి శిశువులు న్యుమోనియా పాలయ్యారు, కొందరు మరణించారు. శుభ్రతకు పేరుపడిన చోటే అలా జరిగింది. ట్యాంకు సంగతి అందుకే తరువాతి ఉత్తరంలో విడిగా చెప్పవలసి వస్తోంది.

ప్రశ్న: ట్యాంకు లోపల గులాబీ రంగు జిగురు కనిపించింది. నీటిలో కొద్దిగా క్రిమిసంహారక ద్రావణం కలిపితే సరిపోతుందా? జలుబు చేసినప్పుడు నీలగిరి తైలం, కర్పూరం వేయవచ్చునా?

జవాబు: వద్దు. నీటిలో నీరు తప్ప ఏదీ కలపవద్దు. క్రిమిసంహారకం, తైలం, కర్పూరం, అత్తరు, సబ్బు నురుగు, ఏదైనా సరే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం దక్షిణ కొరియా. హ్యూమిడిఫయర్ నీటిలో కలపడానికే తయారు చేసిన క్రిమిసంహారక ద్రావణాలు అక్కడ 1994 నుంచి దుకాణాలలో అమ్ముడుపోయాయి. ట్యాంకులో క్రిములు పెరగకుండా ఉండాలని, ముఖ్యంగా బిడ్డల కోసమని, తల్లిదండ్రులు ఎంతో జాగ్రత్తగా కొలిచి మరీ పోశారు. 2011లో బాలింతలు, గర్భిణులు అంతుబట్టని ఊపిరితిత్తుల జబ్బుతో వరసగా ఆసుపత్రులకు రావడంతో విచారణ జరిగింది, ఆ ద్రావణాలలోని పీహెచ్‌ఎంజీ వంటి రసాయనాలే కారణమని తేలింది. పసిపిల్లలు కూడా వాటి బారిన పడ్డారు. అదే సంవత్సరం చివరిలో ఆ సరుకును మార్కెట్టు నుంచి వెనక్కి రప్పించారు. చర్మానికి తగిలితే ప్రమాదం లేదనుకున్న రసాయనం తుంపరగా మారి ఊపిరితిత్తులలోకి చేరినప్పుడు ఏమి చేస్తుందో ముందుగా ఎవరూ సరిగా పరీక్షించలేదు. అక్కడ నష్టపోయిన వారు అజాగ్రత్త మనుషులు కారు. ఈ సంగతి చదివినప్పుడల్లా నాకు బాధ కలిగించేది అదే.

కర్పూరం, మెంథాల్, నీలగిరి తైలం రెండేళ్లలోపు పిల్లల దగ్గర వాడవలసినవి కావు. వాటి ఘాటు పెద్దలకు ముక్కు తెరుచుకున్నట్టు అనిపింపజేస్తుంది, పసివారిలో అదే ఘాటు శ్వాసనాళాలను రేపి, మరింత చీమిడి ఊరేలా చేయవచ్చు.

ఆ గులాబీ జిగురు తడి చోట్ల పెరిగే బాక్టీరియా పొర. మా ఇంట్లోనూ అది ఒకసారి పట్టింది. రోజూ ట్యాంకు కడుగుతున్నాం కదా అని ధీమాగా ఉన్న నేను, ఒక రోజు ట్యాంకు ఎత్తి కింది పళ్లెం వైపు చూస్తే, పలక చుట్టూ ఉన్న గాడిలో రెండు చెంచాల పాత నీరు, వేలు పెడితే జారిపోయే జిగురు కనిపించాయి. నేను కడిగింది ట్యాంకును, తుంపర పుట్టేది ఆ గాడిలో! అప్పటి నుంచి మూత, ట్యాంకు, పళ్లెం, తుంపర బయటికి వచ్చే గొట్టం, ఈ నాలుగింటినీ విడదీయకుండా కడగడాన్ని కడగడం కింద లెక్కవేయడం మానేశాను.

పద్ధతి కష్టమైనది కాదు, మానకుండా చేయడమే కష్టం. ముందు ప్లగ్గు తీసేయండి. ప్రతి ఉదయం మిగిలిన నీరంతా పారబోసి, లోపల పొడిగుడ్డతో తుడిచి, మూత తీసి ఆరబెట్టండి. నిన్నటి నీటి మీద ఈ రోజు నీరు కలిపి నింపడం అన్నిటికన్నా చెడ్డ అలవాటు. మూడు రోజులకొకసారి, నీటితో సమంగా కలిపిన తెల్ల వెనిగర్‌ను పళ్లెంలో పోసి అరగంట ఉంచితే, పలక మీది సున్నపు పొర మెత్తబడి మెత్తని బ్రష్షుకే ఊడివస్తుంది. దానిని చాకుతోనో, గరుకు పీచుతోనో గీకితే పలక పాడవుతుంది. వెనిగర్ సున్నాన్ని వదలగొడుతుంది, క్రిములన్నిటినీ చంపదు. అందుకు 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో గానీ, యంత్రంతో వచ్చిన పుస్తకంలో చెప్పిన ద్రావణంతో గానీ తుడిచి, ఆ పుస్తకం చెప్పినంత సేపు ఉంచి, వాసన పూర్తిగా పోయే వరకు నీటితో కడగాలి. వెనిగర్, బ్లీచ్ ఒకదానితో ఒకటి కలవనివ్వకండి, విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది. శుభ్రపరిచే ద్రావణం లోపల ఉండగా యంత్రాన్ని ఒక్క నిమిషం కూడా నడపవద్దు. జిగురు మళ్లీ మళ్లీ వస్తుంటే, చేయి దూరని సందులున్న ఆ యంత్రాన్ని పక్కన పెట్టి, విశాలమైన మూతి ఉన్నదానిని తెచ్చుకోవడం మంచిది.

ప్రశ్న: జలుబుకు వేడి ఆవిరి వచ్చే యంత్రం మేలని కొందరు, చల్లనిది మేలని కొందరు అంటున్నారు. ఏది కొనాలి? పాప పడుకునే తొట్టికి ఎంత దూరంలో పెట్టాలి? పాపకు ఎనిమిది నెలలు, ఇప్పుడిప్పుడే పాకుతోంది.

జవాబు: చల్లనిది. వేడి యంత్రంలో నీరు మరుగుతుంది కనుక క్రిములు, లవణాలు గాలిలోకి రావు, ఆ గుణం మంచిదే. అయితే పాకే బిడ్డ తీగ పట్టి లాగితే మరిగే నీరు మీద పడుతుంది, ఆ ముప్పు ముందు మిగిలిన లాభాలు లెక్కలోకి రావు. అమెరికా శిశువైద్యుల సంఘం పిల్లల గదులకు చల్లని తుంపరల యంత్రాన్నే సూచించడానికి కారణం ఇదే. వేడిదైనా చల్లదైనా, ఆవిరి పాప శ్వాసనాళం చేరేసరికి ఒంటి వేడికే వచ్చేస్తుంది, కనుక జలుబు విషయంలో తేడా ఉండదు. జలుబును తేమ నయం చేస్తుందనడానికి గట్టి ఆధారం కూడా లేదు. ఎండిపోయిన చీమిడిని మెత్తబరిచి కాస్త సుఖాన్ని ఇవ్వవచ్చు, అంతవరకే.

యంత్రాన్ని తొట్టికి కనీసం రెండు మీటర్ల దూరంలో, పాప చేతికి అందని ఎత్తులో, తడికి పాడవని గట్టి బల్ల మీద పెట్టి, తుంపర తొట్టి వైపుగానీ, గోడ మీదికిగానీ, కర్టెన్ల మీదికిగానీ పోకుండా తిప్పండి. నేల మీద పెడితే తుంపర ఆరకముందే కిందికి దిగి నేల తడుస్తుంది, పాకే బిడ్డ అరచేతులు జారతాయి. తీగను బల్ల వెనుక నుంచి గోడ వెంట పంపి, తొట్టికి మీటరు దూరంలోపు రాకుండా చూడండి. ఒక గంట నడిచాక పాప దుప్పటి మీద, పరుపు అంచున చేయి వేసి చూడండి. చెమ్మ తగిలితే దూరం చాలలేదని అర్థం.

ఉత్తరం చివర మీరు ఒక్క ముక్కలో రాసిన మాట నన్ను ఆపింది: రెండు రాత్రులుగా పాప డొక్కలు ఎగరేస్తోందని, యంత్రం వేగం పెంచారని. ఇది యంత్రంతో సరిచేయదగిన లక్షణం కాదు, ఈ సంచిక మీ చేతికి అందే వరకు ఆగవలసినదీ కాదు కనుక, మీకు వెంటనే విడిగా జవాబు రాశాను. మిగిలిన పాఠకుల కోసం ఇక్కడ మళ్లీ చెబుతున్నాను. ఊపిరి తీసినప్పుడు పక్కటెముకల కింద గుంట పడడం, ముక్కుపుటాలు ఎగరడం, పిల్లికూతలు, ఊపిరి వదిలేటప్పుడు మూలుగు, పాలు తాగలేకపోవడం, పెదవులు నీలి రంగుకు తిరగడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా యంత్రం ఆపి బిడ్డను వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లాలి. మూడు నెలలు నిండని పసికందుకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వచ్చినా అంతే. ఊపిరి వేగం లెక్కించడానికి, బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకి తీసి, పొట్ట ఎగసి దిగడాన్ని ఒకటిగా లెక్కవేస్తూ, గడియారం చూసుకుని పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టండి. పావు నిమిషం లెక్కవేసి నాలుగుతో హెచ్చిస్తే పసిపిల్లల విషయంలో తప్పు వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం రెండు నెలలలోపు 60, రెండు నెలల నుంచి ఏడాదిలోపు 50, ఏడాది నుంచి ఐదేళ్లలోపు 40, లేదా అంతకు మించితే అది వేగమైన శ్వాస. వచ్చిన అంకెను, లెక్కించిన సమయాన్ని కాగితం మీద రాసుకుని వెళ్లండి, వైద్యుడు మొదట అడిగేది అదే.